అతుకు పక్కన సొట్ట

ఆ పిల్ల చేతిలో పడిన వస్తువు బతికి బట్టకట్టదని చిన్నప్పుడే పేరొచ్చింది. గడియారం ఇస్తే స్ప్రింగు చేతికొచ్చేది. గొడుగు ఇస్తే ఊచలు ఓ పక్కా, గుడ్డ ఓ పక్కా తిరిగొచ్చేవి. "దీన్ని ఏ ఇంటికి పంపిస్తామో గానీ ఆ ఇంటికి తలుపులు మిగలవు" అని వాళ్ళమ్మ నెత్తి కొట్టుకునేది. పెద్దయ్యాక ఆ పిల్ల ఫిట్టర్ పని నేర్చుకుంది. రెండు మూడు చోట్ల చేసి, చివరికి విరగ్గొట్టడమే ఉద్యోగంగా ఉన్న చోట కుదురుకుంది.

అదొక టెస్టింగ్ షెడ్డు. ఇనుముతో ఏదైనా కట్టేవాళ్ళు, అసలుది కట్టే ముందు, అలాంటిదే ఒక ముక్క చేసి అక్కడికి పంపిస్తారు. షెడ్డు మధ్యలో లావుపాటి స్తంభాల మధ్య నూనె ఒత్తిడితో నడిచే మిషను ఉంటుంది. ముక్కని దానికి బిగించి లాగడమో నొక్కడమో చేస్తారు. ఎంత బరువు దాకా ఆగింది, ఎక్కడ లొంగింది, ఎక్కడ చిట్లింది అని చూసి చెప్పాలి. మిషను దగ్గర కూర్చునేది ఆమే. షెడ్డులో అందరూ ఆమెను 'విరుపమ్మ' అని పిలుస్తారు. మొదట్లో వెనకాల అనేవారు, ఆమె నవ్వేసి ఊరుకునేసరికి మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఫోన్ వచ్చినా "విరుపమ్మగారూ, మీకే" అంటారు.

ఇంట్లో పరిస్థితి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. మరిది వెల్డరు. అతను అతికింది మళ్ళీ ఊడదని వర్క్‌షాపులో వాళ్ళు అతనికి 'జిగురు' అని పేరు పెట్టారు. వెల్డింగ్ అయ్యాక ఆ కుట్టు మీద వేలు పెట్టి రాస్తే ఎక్కడా గరుకు తగలదు, అంత నున్నగా వేస్తాడు. తను చేసిన పనిని వెనక్కి జరిగి, తల వంచి, ఓ కన్ను మూసి చూసుకోవడం అతని అలవాటు. "మా ఇంట్లో పొద్దున నేను అతికిస్తాను, సాయంత్రానికి మా వదిన విరగ్గొడుతుంది" అని కొత్తవాళ్ళకు చెప్పి నవ్వించేవాడు.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. గొడవలంటే ఆమడ దూరం. "ఇద్దరి మధ్యా బిగించిన వాషర్ని నేను. అరిగేది నేనే" అనేవాడు. అత్తగారు జీవితమంతా కుట్టుమిషను తొక్కిన మనిషి. చూపు కాస్త తగ్గినా చేతులు ఊరుకోవు. ఇంట్లో ఎవరి బట్టకు ఎక్కడ దారం లేచినా ఆవిడకే ముందు తెలుస్తుంది.

ఈ నలుగురూ ఉండే ఇల్లు కాలువకి ఈ ఒడ్డున. ఆస్పత్రి ఆ ఒడ్డున. మధ్యలో ఉన్న పాత చెక్క వంతెన పలకలు పుచ్చిపోయి మూసేశారు. ఆస్పత్రి గోడ మీద అక్షరాలు ఈ వైపు నుంచి చదవొచ్చు, కానీ అక్కడికి చేరాలంటే ఊరంతా చుట్టి వెళ్ళాలి. అందుకని స్టీలు పైపులతో ఒక నడక వంతెన కట్టాలని నిర్ణయమైంది. ఆ పని జిగురు పనిచేసే వర్క్‌షాపుకి వచ్చింది. ఆ రోజు అతను ఇంటికి వస్తూనే చెప్పులు విప్పకుండా వంటింటి గుమ్మం దాకా వచ్చేశాడు.

"వదినా, ఇన్నాళ్ళూ గేట్లూ, షెడ్లూ చేశాం. ఈసారి వంతెన! జనం మన అతుకుల మీద నడుస్తారు."

"నడుస్తారులే. ముందు చెప్పులు విప్పు, నడిచిన చోటల్లా మట్టి" అంది ఆమె. కానీ ఆమెకీ సంతోషంగానే ఉంది.

వంతెనకి బొమ్మ గీసింది ఒక డిజైనరమ్మాయి. పెద్దగా మాట్లాడదు, అడిగిందానికి మాత్రం విసుక్కోకుండా జవాబు చెబుతుంది. వంతెన పక్కల కిందా పైనా పొడుగ్గా పెద్ద పైపులు, వాటి మధ్య ఏటవాలుగా చిన్న పైపులు. ప్రతి చోటా రెండు చిన్న పైపులు వచ్చి ఒక పెద్ద పైపు ఒంటికి అతుక్కుంటాయి. నడిచేవాళ్ళ బరువంతా ఆ అతుకుల మీదుగానే గట్టుకి చేరాలి. బరువు పడినప్పుడు రెండు చిన్న పైపుల్లో ఒకటి పెద్ద పైపుని లోపలికి నొక్కుతుంది, రెండోది బయటికి లాగుతుంది.

ఆ అమ్మాయి అడిగిన మందం పెద్ద పైపు ఎంత వెతికినా దొరకలేదు. వర్క్‌షాపు యజమాని, కాస్త పలచటిదే అయినా ఇంకా గట్టి ఉక్కుతో చేసిన పైపు చూసి, ఇది పనికొస్తుందా అని ఆ డిజైనరమ్మాయినే అడిగాడు. ఆమె లెక్కలు వేసి చూసింది.

"పైపు మొత్తంగా చూస్తే దిగుల్లేదండీ. అతుకు దగ్గరే నాకు అనుమానం. గోడ పలచనైతే చిన్న పైపు నొక్కిన చోట లోపలికి పోవచ్చు. ఒక్క అతుకు చేసి టెస్టుకి పంపండి. ఫలితం వచ్చాకే మిగతావి మొదలుపెట్టండి."

యజమాని సరేనన్నాడు. కానీ వానలు ముంచుకొస్తున్నాయి. వానలొచ్చేలోగా వంతెనని గట్ల మీదికి ఎక్కించకపోతే కాలువలో క్రేను దిగదు. పైగా అతికేది జిగురు. ఆయనకి ఆ నమ్మకం ఎక్కువైంది. టెస్టు ముక్క ఒక పక్క తయారవుతుండగానే, ఇంకో పక్క అసలు వంతెన పనీ మొదలుపెట్టించేశాడు.

టెస్టు రోజున ముక్క వెంట జిగురు కూడా వచ్చాడు. యజమాని వచ్చాడు. డిజైనరమ్మాయి అప్పటికే వచ్చి, మిషను పక్కన నిలబడి ఉంది. మామూలుగా వదిన పనిచేసే చోటికి రావాలంటే మొహమాటపడే జిగురు ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకొచ్చిన వాడిలా నిలబడ్డాడు.

"గట్టిగా పట్టి లాగు వదినా. సొంత మరిదని చూడకు" అన్నాడు, నలుగురూ వినేలా.

"నా మిషనుకి వరసలు తెలీవు" అంది ఆమె.

అందరూ నవ్వారు. ఆమె ముక్కని బిగించి, పెద్ద పైపు ఒంటికి డయల్ గేజి ఆనించి, ముక్కలు ఎగిరి తగలకుండా కట్టిన ఇనప జాలీ వెనక్కి వచ్చి కూర్చుంది. పైపు ఏ మాత్రం లోపలికి పోయినా ఆ గేజి ముల్లు కదిలి చెబుతుంది. ఎంత వరకు పోతే ఒప్పుకోవచ్చో, ఎక్కడ దాటితే ఆ అతుకు ఓడిపోయినట్టో డిజైనరమ్మాయి ముందే చెప్పింది.

మిషను నెమ్మదిగా బిగిసింది. బరువు పెరుగుతోంది. వెల్డింగ్ చెక్కుచెదరలేదు. జిగురు చేతులు కట్టుకుని, ఓ కన్ను మూసి చూస్తున్నాడు. వంతెన మోయాల్సిన బరువుకి ఇంకా చాలా ఇవతల ఉండగానే గేజి ముల్లు కదలడం ఆమె గమనించింది. మొదట బెరుగ్గా, తర్వాత ఆగకుండా. శబ్దం లేదు. చిట్లడం లేదు. మోయాల్సిన బరువు వచ్చేసరికి ముల్లు హద్దు దాటి చాలా దూరం పోయింది.

ఆమె మిషను ఆపింది.

"విరగలేదు!" అన్నాడు యజమాని, చప్పట్లు కొట్టబోతూ.

"విరగలేదు సార్. సొట్ట పడింది."

"సొట్టదేముందమ్మా, మా స్కూటరుకి లేవా సొట్టలు? బరువు ఆపిందా లేదా?"

"ఆపింది. కానీ హద్దు దాటి లోపలికి పోయింది."

"గేజి జారిందేమో. మళ్ళీ ఒకసారి చూడండి."

అది అన్యాయమైన మాట కాదు. గేజీలు జారడం ఆమెకి కొత్త కాదు. బరువు పూర్తిగా దించేసి, గేజి తీసి, మళ్ళీ చూసింది. బరువు తీసేసినా సొట్ట అలాగే ఉంది. యజమానిని దగ్గరికి పిలిచింది.

"మీ బొటనవేలు ఇక్కడ పెట్టండి సార్."

చిన్న పైపు పెద్ద పైపుని నొక్కిన చోట, వెల్డింగ్ కుట్టు పక్కనే ఆయన బొటనవేలు పెట్టాడు. గిన్నెలో పెట్టినట్టు కుదురుగా కూర్చుంది. ఆయన వేలు తీసి, చొక్కాకి తుడుచుకున్నాడు.

డిజైనరమ్మాయి వంగి చూసింది. "వంతెన మీద నడక రోజూ ఉంటుంది. అడుగు పడినప్పుడల్లా ఇది కాస్త కాస్త లోపలికీ బయటికీ ఆడుతుంది. కొన్నాళ్ళకి ఈ అంచునే పగులు పుడుతుంది. ఇప్పుడే తెలియడం మంచిదైంది" అంది.

జిగురు వంగి ఆ సొట్టని వేలితో తడిమాడు. వదిన వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపు ఆమెకి సూటిగా తగిలింది. వెంటనే బయటికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు బంద్. మరిది వదినతో మాట్లాడడు. కావలసినవన్నీ గోడతో చెప్పినట్టు చెబుతాడు. "అమ్మా, ఉప్పు ఇటు జరపమను." ఉప్పు డబ్బా వదిన మోచేతి పక్కనే ఉంటుంది. "అత్తయ్యా, ఆ గోడకి చెప్పండి, ఉప్పు ఎక్కువైతే బీపీ వస్తుందని" అని ఆమె అత్తగారికే చెబుతుంది. మధ్యలో భర్త తల వంచుకుని తిని లేచిపోయేవాడు. ఒకరోజు గుమ్మంలో ఆగి, "బస్సులో అరవైమంది కొట్టుకున్నా నాకింత బెంగ ఉండదు" అని వెళ్ళిపోయాడు.

ఆమె పైకి తేలిగ్గానే ఉన్నా లోపల కుదురు లేదు. తప్పు చేయలేదని తెలుసు. ముల్లు ఎక్కడుందో అదే చెప్పింది. అయినా ఆ చూపు గుర్తొస్తే చేతిలో పని ఆగిపోయేది. ఇన్నేళ్ళలో ఎవరెవరివో ముక్కలు విరగ్గొట్టింది. విరిగిన ముక్క చేసినవాడి మొహం చూడడం ఇదే మొదటిసారి.

చివరికి అత్తగారే పూనుకుంది. ఆదివారం పొద్దున చిన్నకొడుకు పని ప్యాంటు ఒకటి పట్టుకుని వచ్చి వరండాలో అతని పక్కన కూర్చుంది. కోడలు లోపల బట్టలు మడతపెడుతోంది. మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"ఈ జేబు కుట్టింది ఎవరు?"

"నువ్వే."

"కుట్టు ఊడిందా?"

"లేదు. పక్కన చిరిగింది."

"గుడ్డ పలచన. నా కుట్టు గట్టిది. అందుకని కుట్టు నిలిచి పక్కన గుడ్డ పోయింది. నా కుట్టుకి వచ్చిన తప్పేముంది? మీ వదిన చెప్పింది కూడా అదేగా. నీ పనిలో వంక పెట్టిందా ఏమన్నా?"

తర్వాత జిగురు గొంతు వినపడింది, మామూలు కన్నా చిన్నగా.

"అది నాకు తెలుసమ్మా. ఆ రోజే తెలుసు. వదిన మీద కోపం కాదు నాకు."

"మరి ఈ అలక ఎవరి మీద?"

"వంతెన ఒక పక్క సగానికి పైగా చేసేశాం. అన్నీ ఆ పలచటి పైపు మీదే. ఇప్పుడు అతుకులన్నీ కోసేయాలి. డిజైనరమ్మాయి కొత్త బొమ్మ ఇచ్చింది. అతుకు వచ్చే చోట మాత్రం పెద్ద పైపు మధ్యలో మందపాటి పైపు ముక్క ఒకటి పెట్టాలి. పొడుగువి లేకపోయినా ముక్కలైతే దొరుకుతున్నాయి. మంచి ఉపాయమే. కానీ ముందు పాతవి కోయాలిగా. కటింగ్ టార్చి పట్టుకుని వెళ్ళి నిలబడతాను. చెయ్యి లేవడం లేదు. ఇవాళ చేద్దాం, రేపు చేద్దాం అని వారం నుంచి వేరే పనులు చేస్తున్నాను. ఓనరు తిట్టడం లేదు, అదింకా కష్టంగా ఉంది."

లోపల కోడలి చేతిలో దుప్పటి మడత సగంలో ఆగింది. ఆమె ఇన్నాళ్ళూ అతను తన మీద అలిగాడనే అనుకుంది. దుప్పటి అక్కడే పడేసి వరండాలోకి వచ్చింది.

"నేను కోస్తాను."

జిగురు తలెత్తాడు.

"గ్యాస్ కటింగ్ నాకు వచ్చు. ఫిట్టర్ పని నేర్చుకున్నప్పుడు చేతులు కాల్చుకుని మరీ నేర్చుకున్నాను. విరగ్గొట్టడం నా పని కదా. ఇవాళ సెలవే. పద."

"నీకెందుకు వదినా..."

"ఆహా, మాట వచ్చిందే! అత్తయ్యా, విన్నారా? గోడతో కాదు, నాతోనే మాట్లాడాడు."

అత్తగారు ప్యాంటు మడిచి ఒళ్ళో పెట్టుకుని, "వెళ్ళండి వెళ్ళండి. దీనికి చిరిగిన చోట లోపల మందపాటి అట్ట గుడ్డ ఒకటి వేసి ఉంచుతా" అంది.

వర్క్‌షాపు యజమాని ఆమెను చూసి ముందు కంగారుపడ్డాడు. "మళ్ళీ ఏం టెస్టమ్మా?" సంగతి విన్నాక తనే కళ్ళద్దాలూ, తోలు చేతితొడుగులూ తెచ్చిచ్చాడు. వంతెన పక్క భాగం నేల మీద పడుకోబెట్టి ఉంది, పెద్ద నిచ్చెనలా. ఆమె దాని పొడుగునా ఒకసారి నడిచింది. ఎక్కడ చూసినా మరిది చేతి పనే. కుట్టు నున్నగా, ఒకే వెడల్పులో పైపు చుట్టూ తిరిగి మొదలైన చోటే ముగిసింది. ఎక్కడ మొదలైందో కనిపెట్టలేకపోయింది.

"బాగుందిరా" అంది.

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. "కొయ్యి వదినా. నేను చూడను."

కానీ చూశాడు. మొదటి అతుకు తెగుతుంటే దూరంగా నిలబడ్డాడు. రెండోదానికి దగ్గరికొచ్చి, తెగిన చిన్న పైపు కింద పడకుండా పట్టుకున్నాడు. ఆ తర్వాత, "అక్కడ కాదు, ఇంకాస్త ఇవతల. లేకపోతే చిన్న పైపు మళ్ళీ వాడుకోవడానికి పనికిరాదు" అని చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం అయ్యేసరికి ఇద్దరూ అరుచుకుంటూ పనిచేస్తున్నారు, ఎప్పటిలాగే.

పొద్దు వాలేలోపు అతను కొత్త పద్ధతిలో ఒక అతుకు మొదలుపెట్టాడు. ఆమె ఓ చెక్క పెట్టె మీద కూర్చుని చూసింది. ఏళ్ళ తరబడి ఈ ముక్కలు ఆమె దగ్గరికి పూర్తయ్యే వచ్చాయి. అవి తయారవడం ఎప్పుడూ చూడలేదు. పలచటి పైపుకీ మందపాటి ముక్కకీ అంచులు సానబట్టాడు. గుడ్డతో తుడిచాడు. రెండూ ఒకే వరసలో ఉన్నాయో లేదో నేల మీద బోర్లా పడుకుని చూశాడు. నచ్చలేదు, విప్పి మళ్ళీ పెట్టాడు. చిన్న పైపు చివర పెద్దదాని గుండ్రానికి అతుక్కుపోయేలా వంపుగా కోసి, ఆకురాయితో రాసి, ఆనించి చూసి, వెలుతురు సందులోంచి కనపడితే మళ్ళీ రాశాడు. మంట వెలిగించింది ఆ తర్వాతే. తన మిషను మీద టీ చల్లారేలోగా అయిపోయే ముక్క వెనకాల ఇంత ఓపిక ఉంటుందా అనిపించింది ఆమెకి. అప్పటిదాకా అలాంటివాటిని ఆమె 'శాంపిలు' అనేది.

రెండో టెస్టుకి జిగురు మాసిన పని చొక్కాతోనే వచ్చాడు. జోకులు వేయలేదు. ఆమె గేజి ఆనించి, రెండుసార్లు సరిచూసి, జాలీ వెనక కూర్చుంది. కుర్చీ ఇచ్చినా యజమాని కూర్చోలేదు.

బరువు పెరిగింది. ముల్లు ఉన్నచోటే ఉంది. ఇంకా పెరిగింది. ముల్లు కొంచెం కదిలి, మనసు మార్చుకున్నట్టు ఆగింది. వంతెన మోయాల్సిన బరువు వచ్చింది. హద్దుకి చాలా ఇవతలే ఉంది.

"నిలిచింది" అంది ఆమె.

యజమాని గట్టిగా ఊపిరి వదిలి కుర్చీలో కూలబడ్డాడు. డిజైనరమ్మాయి తల ఊపింది. జిగురు మాత్రం జాలీ దగ్గరికొచ్చాడు.

"ఆపకు వదినా. ఎక్కడిదాకా వస్తుందో చూద్దాం."

ఆమె డిజైనరమ్మాయి వైపు చూసింది. "నాకూ చూడాలనే ఉంది" అంది ఆ అమ్మాయి.

మళ్ళీ బరువు పెరిగింది. ఎంతో సేపటికి ఒక మూలుగు లాంటి శబ్దం వచ్చింది. అందరూ అతుకు వైపు చూశారు. అతుకు అలాగే ఉంది. లొంగింది చిన్న పైపు, అదీ అతుక్కి దూరంగా, నడుం దగ్గర. బరువు ఆపలేక పక్కకి వంగిపోయింది.

"అతుకు కాదు, పైపే వంగింది!" అని యజమాని లేచి నిలబడ్డాడు. "మీ ఇంటివాళ్ళే నన్ను ముంచుతారు, మీ ఇంటివాళ్ళే ఒడ్డుకి లాగుతారు. ఇదేం ఇల్లమ్మా!"

డిజైనరమ్మాయి మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వింది. "ఈసారి మాత్రం టెస్టయ్యాకే మిగతా పని మొదలుపెడతారుగా?" అని అడిగింది. యజమాని రెండు చేతులూ ఎత్తేశాడు.

వానలు ఆలస్యంగా వచ్చాయి. అది వాళ్ళ అదృష్టం. మబ్బులు కమ్మిన ఓ పొద్దున క్రేను వంతెనని ఎత్తి గట్ల మీద దించింది. దాని మీద నిండుగా ఇసుక బస్తాలు పేర్చి, ఓ రాత్రీ పగలూ ఉంచి, ఎంత వంగిందో, తీశాక ఎంత లేచిందో చూశారు. అంతా డిజైనరమ్మాయి చెప్పినట్టే వచ్చింది. ఆ తర్వాత జనానికి వదిలారు.

మొదటి సెలవు రోజున నలుగురూ వెళ్ళారు. చాలామంది అవసరం లేకపోయినా అటూ ఇటూ నడుస్తున్నారు. అత్తగారు పెద్దకొడుకు చెయ్యి పట్టుకుని మధ్యదాకా వచ్చి, ఆగి, పెద్ద పైపు మీద అరచెయ్యి వేసింది. చేత్తోనే తడిమి, మందపాటి ముక్క ఎక్కడ మొదలైందో పట్టేసింది.

"ఇదేనా ఆ లోపలి అట్ట గుడ్డ?"

"అదే" అన్నాడు జిగురు.

"నీ పని అడుగడుగునా ఉంది. మరి కోడలుపిల్లది ఏదీ?"

ఆమె నవ్వింది. "నాది ఇందులో ఉండదు అత్తయ్యా. నేను ముట్టుకున్నవి తుక్కులోకి పోతాయి. ఇక్కడిదాకా రావు."

"ఎందుకుండదు?" అన్నాడు జిగురు వెంటనే. "ఆ పక్క చూడమ్మా. ఆ సగంలో ఉన్న చిన్న పైపులన్నీ వదిన కోసి తీసినవే. ఒక్కటీ పాడుచేయలేదు. అన్నీ మళ్ళీ వాడాను."

అన్నీ పనికొచ్చాయని ఆమెకి తెలియదు. ఏ ఒకటో రెండో వాడుకుని, మిగతావి కొత్తవి తెప్పించుకుని ఉంటారనుకుంది. కమ్మీ పట్టుకుని అటు వైపు చూసింది. అన్నిటికీ ఒకే రంగు వేశారు, ఏది పాతదో ఏది కొత్తదో తెలియడం లేదు.

ఇంతలో ఆ ఒడ్డు నుంచి ఒక నర్సు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. కుర్చీలో ఒక ముసలాయన, కాలికి కట్టుతో. ఇంటికి పంపించేశారు కాబోలు, దారిలో ఎదురైన వాళ్ళందరినీ పలకరిస్తూ వస్తున్నాడు. "కాస్త దారి ఇవ్వండమ్మా" అంది నర్సు. నలుగురూ కమ్మీకి ఆనుకుని ఒదిగి నిలబడ్డారు. కుర్చీ వాళ్ళ ముందు నుంచి వెళ్తుంటే కాళ్ళ కింద వంతెన చాలా సన్నగా కదిలినట్టయింది. జిగురు కంగారుగా వదిన వైపు చూశాడు.

"ఆ మాత్రం కదలాలి" అంది ఆమె. "పద, అటు ఒడ్డున టీ దొరుకుతుందట."